పది గిద్దల బియ్యం: మా పిల్లలు వంటింట్లోకి వచ్చిన ఏడాది

కిందటి ఏడాది ఆషాఢమాసంలో, నాచు పట్టిన పెరటి మెట్టు మీద కాలు జారి మా అత్తయ్యగారు పడిపోయారు. కుడి మణికట్టు ఎముక విరిగింది. అమలాపురంలో పిండికట్టు వేసిన వైద్యులు, ఆరు వారాలపాటు ఆ చేత్తో చెంబు కూడా ఎత్తకూడదని గట్టిగా చెప్పి పంపించారు. అప్పటిదాకా మా ఇంట్లో ఆరుగురికి రెండు పూటలా వండి పెట్టింది ఆవిడే. నేను ఉద్యోగం నుంచి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. మా వారు రొయ్యల చెరువుల పని మీద తెల్లవారకముందే బయలుదేరతారు, తిరిగి ఏ వేళకు వస్తారో చెప్పలేము. ఇక ఇంట్లో మిగిలింది మామయ్యగారు, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఐదో ఏడు ఇంకా నిండని మా అబ్బాయి.

పిల్లలకు వంట నేర్పాలన్న ఆలోచనతో మేము ఈ పని మొదలుపెట్టలేదు. ఇంట్లో చేతులు చాలక మొదలుపెట్టాం. ఆ రెండింటికీ ఉన్న తేడా ఎంత పెద్దదో నాకు రెండు నెలల తర్వాత గాని తెలిసిరాలేదు.

మొదటి రోజు సాయంత్రం అత్తయ్యగారు వంటింటి గడప పక్కన కుర్చీ వేయించుకుని, కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడదీసుకుని కూర్చున్నారు. "నేను చెబుతూ ఉంటాను, మీరు చేస్తూ ఉండండర్రా" అన్నారు. ఆవిడ లెక్క కిలోల్లోనూ గ్రాముల్లోనూ ఉండదు. బియ్యం డబ్బాలో ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిద్ద ఒకటి ఎప్పుడూ ఉంటుంది. రెండు గిద్దలైతే అరసోల, రెండు అరసోలలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. మా ఆరుగురికీ రాత్రి పూటకు తవ్వ మీద రెండు గిద్దల బియ్యం పోయాలి, అంటే మొత్తం పది గిద్దలు. ఆ కొలిచే పనిని ఆవిడ మా చిన్నవాడికి అప్పగించారు.

వాడికి అప్పటికి పది వరకు లెక్క వచ్చునని మేము అనుకుంటున్నాం. ఆరు తర్వాత నేరుగా ఎనిమిదికి వెళ్లిపోతాడన్న సంగతి ఆ రాత్రి అన్నం తక్కువ పడినప్పుడు బయటపడింది. ఆఖర్న తినే నాకు అన్నం చాలకపోతే ఫరవాలేదు గాని, ఆ రోజు మామయ్యగారు మజ్జిగలోకి అన్నం అడిగితే గిన్నెలో లేకపోయింది. వాడిని ఎవరూ కోప్పడలేదు. అయినా వాడు ఖాళీ గిన్నెలోకి తొంగి చూసి, తాతయ్య ముఖం చూసి, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు అత్తయ్యగారు పది చింతపిక్కలు తెప్పించి, వాడి ఎడమవైపు వరసగా పెట్టించారు. ఒక గిద్ద పోయగానే ఒక పిక్కను కుడివైపుకు జరపాలి. ఎడమవైపు పిక్కలు అయిపోతే బియ్యం కూడా సరిపోయినట్టు. వాడు నాలుక కొస పళ్ల మధ్య నొక్కిపెట్టి, గిద్ద అంచుకు మించి ఉన్న బియ్యాన్ని బొటనవేలితో డబ్బాలోకి రాల్చి, పిక్కను జరిపి, మళ్లీ గిద్ద ముంచేవాడు. ఆ పది గిద్దలకు పావుగంట పట్టేది. నేను పక్కన నిలబడి ఆ డబ్బా లాక్కోకుండా ఉండటానికి నన్ను నేను ఎంతగా ఆపుకోవలసి వచ్చిందో చెప్పలేను. మూడు వారాలు తిరిగేసరికి వాడికి ఏడు వచ్చేసింది. పిక్కలు మాత్రం వాడు ఇంకా కొన్నాళ్లు వదలలేదు.

బియ్యం కడగడం, నీళ్లు కొలవడం పాప పని. మొదటి కడుగు కుడితి బకెట్టులో పోస్తే పక్కింటివారు గేదెకు పట్టుకుపోతారు కాబట్టి ఆ నీళ్లు తూములో పోయకూడదని నాయనమ్మ చెప్పారు. మేము తినేది స్వర్ణ బియ్యం. గోదావరి పశ్చిమ డెల్టాలోని మారుటేరు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1982లో రైతులకు అందిన ఈ వరిని ఇక్కడ సార్వాకు, అంటే వానాకాలం పంటకు, ఇప్పటికీ వేస్తారు. పాత బియ్యమైతే నీళ్లు ఎక్కువ పీల్చుకుంటాయి, కొత్త బియ్యమైతే తక్కువ నీళ్లకే మెత్తబడతాయి. ఇది నేను చెబితే పాపకు అర్థం కాలేదు. కొత్త బస్తా విప్పిన రోజున పాత కొలతే పోసి, అన్నం ముద్దయినప్పుడు అర్థమైంది. ఆ మర్నాడు ఎవరూ చెప్పకుండానే రెండు గిద్దల నీళ్లు తగ్గించింది. కుక్కరు మీట నొక్కడం, మూత తీయడం మాత్రం నావే.

ఇక బజారు సంగతి. శనివారం సాయంత్రాలు నేను పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని కూరగాయల బజారుకు వెళ్లడం మొదలుపెట్టాను. వారానికి కావలసినవేమిటో నాయనమ్మ చెబితే పాప చీటీ రాసేది. రాయడం రాని చిన్నవాడు తన వంతుకు వచ్చిన మూడింటినీ, అంటే ఉల్లిపాయలు, గుడ్లు, అరటిపళ్లను, వేరే కాగితం మీద బొమ్మలుగా వేసుకునేవాడు. ఎవరి చీటీలో ఉన్నవి వారే అడిగి కొనాలన్నది ఏర్పాటు.

అంతకుముందు నేను అన్నిచోట్లా ఫోనుతోనే చెల్లించేదాన్ని. అలా చెల్లిస్తే పిల్లలకు వినిపించేది దుకాణంలోని పెట్టె పలికే ఒక మాట మాత్రమే. డబ్బు తరిగిపోవడం వాళ్లకు కనబడదు. అందుకని బజారుకు మాత్రం నోట్లు తీసుకువెళ్లాను. పాప చేతికి మూడు వందల రూపాయలు ఇచ్చి, వారం కూరలు ఇందులోనే రావాలని చెప్పాను. మొదటి వారం సగం చీటీ మిగిలి ఉండగానే డబ్బు అయిపోయింది, ఎందుకంటే మొదట కనబడిన దుకాణంలోనే అన్నీ కిలో చొప్పున అడిగింది. రెండో వారం ముందు బజారు చివరి దాకా ఒకసారి నడిచి, ధరలు అడుగుతూ చీటీ అంచున రాసుకుంది. ఒక పెద్దావిడ, తాటాకు బుట్టలో దొండకాయలు పెట్టుకుని కూర్చున్నామె, "ఏం కావాలండి పాపగారూ? రాసుకుంటున్నారా? రాసుకోండి, రాసుకోండి" అంటూ ప్రతి ధరా నిదానంగా రెండుసార్లు చెప్పింది. మా కోనసీమలో పసిపిల్లలను సైతం గారూ అని మన్నించే ఆ అలవాటు నాకు ఎంతో ఇష్టం. ఆ మన్ననతోనే మా అమ్మాయికి పెద్దవాళ్లతో బేరమాడే ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

ఆగస్టులో ఒక శనివారం కూరలన్నీ ఒక్కసారిగా ప్రియమయ్యాయి. కిందటి వారం ధరలు చీటీ అంచున ఉన్నాయి కనుక, బెండకాయలు దాదాపు రెట్టింపయ్యాయని పాపే కనిపెట్టింది. "వీళ్లు ఎక్కువ చెబుతున్నారమ్మా" అని నా చెవిలో అంది. అప్పుడు దానికి గోదావరి సంగతి చెప్పవలసి వచ్చింది. మా బజారుకు వచ్చే బెండ, వంగ, బీర, దొండ చాలామటుకు నది మధ్య ఉండే లంకల్లో పండుతాయి. ఎగువన వానలు పడి ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు, 17 లక్షలకు మూడోది. నీరు అంతగా పెరిగేసరికి లంకల్లోని పాదులు రోజుల తరబడి మునిగి కుళ్లిపోతాయి. ఆ వారాల్లో మెట్ట నుంచో, ఇంకా దూరం నుంచో కూరలు రావాలి, వాటికి లారీ కిరాయి కలుస్తుంది. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకవాసులు పడవల్లో బయటికి రావడం టీవీలో చూసిన జ్ఞాపకం పాపకు ఉంది. దొండకాయల పెద్దావిడ ఆ వారం రాలేదు. ఆమె లంక మనిషేనేమోనని పాప అడిగితే నాకు తెలియదన్నాను. రెండు వారాల తర్వాత ఆమె బుట్టతో కనబడినప్పుడు, చీటీలో లేకపోయినా పాప అరకిలో దొండకాయలు కొంది. నేను కాదనలేదు. ఆ వరద వారాల్లో మాత్రం పాప చీటీలోంచి బెండకాయలు కొట్టేసి, పెరట్లోని అరటికాయలతోనూ బచ్చలితోనూ వారం గడపవచ్చునా అని నాయనమ్మను అడిగింది. గడిపాము.

తూకం గురించి కూడా ఒకటి చెప్పాలి. కూర వేయకముందు కాటా అద్దంలో సున్న కనబడాలని పాపకు నేర్పాను. ఒకచోట వంకాయలు తూచబోతుండగా, "సున్న లేదండి, యాభై ఉంది" అంది. నిజమే, ఖాళీ పళ్లెం మీదే యాభై గ్రాములు చూపిస్తోంది. పేరు చెప్పను గాని ఆ దుకాణంలో మేము ఏళ్ల తరబడి కొంటున్నాం. అతను ముఖం చిట్లించి, "పిల్లలకు కూడా ఇవన్నీ నేర్పేస్తున్నారు" అని మీట నొక్కి సున్నకు తెచ్చాడు. నేను సిగ్గుపడి పాప చెయ్యి పట్టుకుని ఇవతలికి వచ్చేశాను. ఆ రాత్రంతా నా మనసు నన్ను పీకింది. అది తప్పేమీ చేయలేదు. చూడమన్నదే చూసింది, చూసింది మర్యాదగానే చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఆ మాటే దానితో అన్నాను. నేను అలా ఇవతలికి లాక్కురావడం తప్పని కూడా ఒప్పుకున్నాను.

కిరాణా సామాను దగ్గర పెద్ద కష్టం డబ్బు కట్టే బల్ల. పెద్ద దుకాణాల్లో చాక్లెట్లను ఆ బల్ల ముందే, సరిగ్గా నాలుగేళ్ల పిల్లవాడి కళ్లకు ఎదురుగా పేరుస్తారు. మొదటిసారి మావాడు అక్కడే కింద కూలబడి ఏడ్చాడు. ఆ తర్వాత నుంచి గుడ్ల అట్టను పట్టుకునే పని వాడిదయింది. రెండు చేతుల్లో పన్నెండు గుడ్లు ఉన్నవాడికి చాక్లెట్ల మీద దృష్టి పోదు. ఒక్కసారి మాత్రం రెండు గుడ్లు పగిలాయి. ఆ పూట తనకూ అక్కకూ గుడ్డు వద్దన్నాడు, అక్కను అడగకుండానే.

వంటింట్లో జరిగిన ఒక ప్రమాదం గురించి దాచకుండా రాయాలి. పాపకు పచ్చిమిరపకాయల తొడిమలు తీసే పని ఇచ్చి, నేను పొయ్యి దగ్గరికి తిరిగాను. ఒక్క నిమిషం. వెనకనుంచి కేక వినబడింది. తొడిమలు తీసిన వేళ్లతోనే కన్ను నలుపుకుంది. కొళాయి కింద తల వంచి, చాలాసేపు చల్లని నీళ్లతో కన్ను కడిగాను. కన్ను కుదుటపడినా వేళ్ల మంట మాత్రం పోలేదు, ఎందుకంటే మిరప ఘాటు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. వేళ్లకు కొబ్బరినూనె పట్టించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడిగితే గాని నెమ్మదించలేదు. తప్పు నాది. చేయమన్నాను గాని, చేశాక చేతులు ఏం చేసుకోవాలో చెప్పలేదు. అప్పటినుంచి ఏ పని ఇచ్చినా, ఆ పని పూర్తయ్యాక చేతులు ఎలా కడుక్కోవాలో ముందు చెప్పి, ఆ తర్వాతే పని మొదలుపెట్టించాను.

ఆ రోజే కొన్నింటిని పిల్లల చేతికి అందనివ్వకూడదని నిశ్చయించుకున్నాం. కత్తిపీట మీద ఎవరూ కూర్చోకూడదు. పోపు వేసే వేళ పొయ్యికి మూడడుగుల దూరంలో ఉండాలి, ఆవాలు చిటపటలాడితే నూనె ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేము. కంద తొక్కు తీయడం పెద్దల పని. అందులోని సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని పెద్దవాళ్ల చేతులే దురద పెడతాయి. మిగిలిన పనులకు కొదవ లేదు. వెల్లుల్లి రెబ్బలు వలవడం, కరివేపాకు దూయడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, గోంగూర ఒలవడం, చింతపండు పిసకడం, మజ్జిగ చిలకడం, ఇవన్నీ కత్తి లేకుండా, నిప్పు లేకుండా జరిగే పనులు. మన వంటలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో పిల్లలకు పంచి ఇవ్వవలసి వచ్చినప్పుడే గమనించాను.

చేపల పాఠం మామయ్యగారిది. ఆదివారం పొద్దున్న పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, మొప్ప ఎత్తి ఎరుపు చూపించి, కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉందో లేదో చూడమని, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే నిండాలని చెప్పేవారు. ఒకసారి మావాడు ఒక శీలావతిని నొక్కి, గుంట పూడేదాకా అలాగే చూస్తూ నిలబడి, పూడకపోయేసరికి తాతయ్య పంచె పట్టుకుని పక్క గంప దగ్గరికి లాక్కెళ్లాడట. ఇంట్లో పచ్చి చేపను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా మరి దేన్నీ ముట్టుకోకూడదు, చేపలు కోసే పీట మీద కూరలు పెట్టకూడదు. ఇది పెద్దలకు కూడా వర్తించే నియమమని పిల్లలే మాకు గుర్తుచేసేవారు.

ఈ పద్ధతిలో సమయం కలిసివస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను ఒక్కదాన్నే చేసుకుంటే ముప్పావుగంటలో అయ్యే వంటకు గంటన్నర పట్టేది. నేల మీద బియ్యం, గోడ మీద మజ్జిగ. అలసిపోయి వచ్చిన రోజుల్లో విసుక్కున్నాను కూడా. అందుకే మొదటి పక్షం గడిచాక, పనిదినాల్లో పిల్లలకు ఒక్కొక్క పనే ఉంచి, మిగిలినవన్నీ శని ఆదివారాలకు మార్చాను.

భాద్రపదంలో కట్టు విప్పారు. కొద్ది రోజులు వేళ్లు మెల్లగా కదిపే వ్యాయామం చేసి, అత్తయ్యగారు వంటింట్లోకి తిరిగి వచ్చారు. మేమంతా సంతోషించాం. ఆవిడ చేతులు ఆవిడకు వచ్చాయి కనుక పనులు త్వరత్వరగా అయిపోతున్నాయి. చిన్నవాడు గిద్ద పట్టుకుని వచ్చేసరికి ఎసరు మరుగుతోంది. పాప చీటీ రాయబోతే, "నాకు తెలుసులే తల్లీ, నువ్వు చదువుకో" అన్నారావిడ ప్రేమగానే. పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని నేను పాపకు గుప్పెడు పిండి ఇచ్చి చిన్న చపాతీ చేసుకోమన్నాను; వాడికి ఖాళీ గిన్నెలో నాలుగు గింజలు పోసి ఇచ్చాను. రెండు రోజులు చేశారు. మూడో రోజు పాప పిండిముద్దను అక్కడే వదిలేసి, "ఇది ఎవరూ తినరు కదమ్మా" అని వెళ్లిపోయింది.

ఆ మాటతో నాకు సంగతి తెలిసింది. గుజ్జనగూళ్ల ఆటలో తప్పు లేదు, ఆ ఆట వాళ్లకు పెరట్లో వాళ్ల లక్కపిడతలతో ఎలాగూ ఉంది. ఆరు వారాలపాటు వాళ్లు చేసింది ఆట కాదు. వాడు ఒక గిద్ద తక్కువ పోస్తే తాతయ్యకు మజ్జిగన్నం ఉండదు. ఆ బరువును వాళ్లు ఇష్టంగా మోశారు, నేను ఆ బరువును తీసేసి దాని స్థానంలో బొమ్మను పెట్టాను. ఆ రాత్రి అత్తయ్యగారితో మాట్లాడాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే బియ్యం వాడివే, నేను ముట్టుకోను. శనివారం చీటీ, ఆదివారం కూర అమ్మాయివి. వాళ్లు మరిచిపోతే మనం గుర్తు చేయకూడదు, తెలిసిందా?" అన్నారు. ఆ చివరి మాట నాకు తట్టి ఉండేది కాదు.

కార్తీకంలో అది పరీక్షకు వచ్చింది. ఆదివారం బెండకాయ పులుసు పెడతానని పాప ముందే అందరికీ చెప్పింది. బెండకాయలు, బెల్లం, ఉల్లిపాయలు అన్నీ తెచ్చింది. డబ్బాలో చింతపండు అయిపోయిన సంగతి చూసుకోలేదు. వంట వేళకు డబ్బా మూత తీసి అలా నిలబడిపోయింది. మా వారు బండి తాళం చేతిలోకి తీసుకున్నారు, వీధి చివర దుకాణం ఉంది. అత్తయ్యగారు కళ్లతోనే వారించారు. పాప పక్కింటికి వెళ్లి అడిగి తేనా అంది, మళ్లీ తనే వద్దంది. చివరికి బెండకాయలను వేపుడు చేయమని నన్ను అడిగి, తాను ఎండుకొబ్బరి, వెల్లుల్లి, కారం కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచింది, కారాన్ని చెంచాతోనే వేసి. పులుసు కోసం ఎదురుచూసిన మామయ్యగారు ఒక్క మాట కూడా అనకుండా వేపుడుతో తిని, చివర మజ్జిగ పోసుకున్నారు.

ఈ వేసవిలో ఆవకాయ పెట్టాం. కాయలు ఎంచడం, కొట్టించడం పెద్దలం చూసుకున్నాం. ముక్కల్లోని జీడి తీసి, లోపలి పొరను గీకి, పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కనూ తుడవడం పిల్లల పని. తడి మిగిలితే జాడీ అంతా బూజు పడుతుందని తెలిసిన పాప, తమ్ముడు తుడిచిన ముక్కలను చెంపకు ఆనించి చూసి, చెమ్మ తగిలితే వెనక్కి ఇచ్చేది. వాడు అలగకుండా మళ్లీ తుడిచేవాడు. ఆవపిండి, ఉప్పు కొలిచింది వాడే, మానికతో. ఇప్పుడు వాడికి చింతపిక్కలు అక్కర్లేదు. కారం మాత్రం నాయనమ్మే కలిపారు.

మూడో నాడు జాడీ వాసెన విప్పి తిరగకలిపేటప్పుడు అత్తయ్యగారు వేడి అన్నంలో కొంచెం ఊట కలిపి పాప నోటికి అందించారు. మా ఇంట్లో ఆవకాయకు ఉప్పు చాలిందీ లేనిదీ చెప్పే అధికారం నేను కాపురానికి వచ్చిన పన్నెండేళ్లలో ఆవిడ నాకు కూడా ఇవ్వలేదు. పాప నమిలి, మింగి, కాసేపు ఆలోచించి, "గిద్ద ఉప్పు పడుతుంది నాయనమ్మా" అంది. ఆవిడ తాను రుచి చూడలేదు. చిన్నవాడిని పిలిచి గిద్ద తెమ్మన్నారు.